అర బీటు ఆలస్యం

మా అన్నయ్యను వీధిలో అందరూ అద్దాలాయన అంటారు. కళ్లజోళ్ల దుకాణం వెనక గదిలో ముప్పై నాలుగేళ్లుగా అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని తనది. ముందు కౌంటరు దగ్గర నవ్వుతూ నిలబడేవాళ్లు వేరే ఉంటారు, అన్నయ్య మొహం కొనేవాళ్లకు కనిపించదు. అద్దం మీద సిరా చుక్క పెట్టి, ఆ చుక్క సరిగ్గా కంటిపాపకు ఎదురుగా వచ్చేలా కొలిచి, తిరిగే చక్రం మీద అంచులు అరగదీస్తాడు. రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే పెట్టుకున్నవాడికి తలనొప్పి. అందుకని మా అన్నయ్య తన బతుకులో దేన్నీ అటూ ఇటూ కానివ్వడు. చెప్పులు కూడా గోడకు సమానంగా విప్పుతాడు. ఇంత చాదస్తపు మనిషికి, గిటారు మీద అప్పటికప్పుడు సొంతంగా పుట్టించి వాయించాలన్న పిచ్చి ఎలా పట్టిందో చెప్తాను.

గిటారు పడుచు వయసు నుంచీ ఉంది. విన్న పాటను విన్నట్టు దించేస్తాడు, ఒక్క స్వరం తప్పదు. చుట్టాలు చప్పట్లు కొట్టేవాళ్లు, తను పొంగిపోయేవాడు. నలభై నాలుగో ఏట ఎవరో చెప్తే ఒక మాస్టారి దగ్గరికి వెళ్లాడు. ఆయన ఒకప్పుడు బ్యాండులో వాయించిన మనిషి, సైకిలు షాపు పైన మూడో అంతస్తులో ఒక్కడే ఉండేవారు. అన్నయ్య తనకు బాగా వచ్చిన పాటొకటి వాయించి వినిపించాడు.

"బాగుంది. ఇది ఎవరు వాయించింది?" అన్నారు మాస్టారు.

అన్నయ్య చెప్పాడు. ఆయన ఇంకోటి వాయించమన్నారు. మళ్లీ అదే ప్రశ్న, అదే జవాబు. మూడోది కూడా విని, "మరి నీదేదయ్యా?" అన్నారట.

ఆ రోజు అన్నయ్య భోజనం ముందు కూర్చుని అరగంట కలుపుతూనే ఉన్నాడు. "నాదేదే? ఇన్నేళ్లూ అందరివీ మోశాను, నాదంటూ ఒక్క ముక్క లేదు" అన్నాడు. మొక్కై వంగనిది మానై వంగుతుందా అని నవ్వాను నేను. నా నోరు అలాంటిది. అన్నయ్య నవ్వలేదు. చచ్చేలోపు ఒక్కసారి, నలుగురు వెనక వాయిస్తుంటే ముందు నిలబడి తనది అనేది వాయించాలి. అదొక్కటే తన కోరిక. పెళ్లి వద్దనుకున్నాడు, ఇల్లు కొనుక్కోలేదు, ఇంకేదీ కావాలని అడగలేదు.

మాస్టారు మొదట స్కేళ్లు, అంటే స్వరాల వరసలు, పట్టించారు. గిటారు మెడ మీద ఒక్కో స్కేలు అయిదు చోట్ల దొరుకుతుంది. కిందికీ పైకీ, ఎక్కడ మొదలుపెట్టినా తడుముకోకుండా రావాలి. దానికి ఏడాది పట్టింది. "స్కేలంటే వీధి. ఏ ఇంటి తర్వాత ఏ ఇల్లో తెలిస్తే సరిపోదు. ఏ వేళకి ఏ ఇంటి ముందు ఆగాలో తెలియాలి. ఆ వేళ చెప్పేది కార్డ్" అనేవారట. కార్డ్ అంటే మూడు నాలుగు స్వరాలు కలిపి ఒక్కసారిగా మోగించడం. వెనకవాళ్లు ఒకదాని తర్వాత ఒకటి కార్డ్‌లు మారుస్తూ పోతుంటే, ముందున్నవాడు ప్రతి మార్పు దగ్గరా ఆ కార్డ్‌కు చెందిన స్వరం మీద కాలు మోపాలి. మోపకపోతే పరాయి ఇంట్లో దూరినట్టే.

తర్వాత లిక్కులు. నాలుగైదు స్వరాల చిన్న చిన్న చమక్కులవి. "అవి వాడుక మాటలయ్యా, బాగున్నావా, ఎక్కడిదాకా లాంటివి. అందరూ అనేవే. ఎవరితో ఎప్పుడు అన్నావో అది నీది" అన్నారట మాస్టారు. అన్నయ్య ఏం చేశాడు? నోటుబుక్కు కొని, ఒక్కో లిక్కుకూ నంబరు వేసి రాసుకున్నాడు. రెండు వందల పన్నెండు తేలాయి. అద్దాల పవర్లు రాసుకునే చెయ్యి కదా, ఊరుకుంటుందా.

ఇక కావలసింది వెనక కార్డ్‌లు వాయించే మనిషి. ఫోన్‌లో బోలెడన్ని దొరుకుతాయి కదా అన్నాను. "ఫోన్ నా వాయింపు వింటుందా?" అన్నాడు. మాస్టారి మాటేనట. ఇంట్లో ఇంకో మనిషంటే నేనే.

నేను అప్పటికి రెండేళ్లుగా అన్నయ్య ఇంట్లో ఉంటున్నాను. నా కాపురం సంగతి ఇక్కడ అనవసరం. ఉన్నవి రెండు గదులు, ముందు గదిలో నా కుట్టుమిషను. ప్యాంట్లు పొట్టి చెయ్యడం, జిప్పులు మార్చడం, బిగుతైనవి వదులు చెయ్యడం నా పని. సంగీతానికీ నాకూ ఉప్పుకూ నిప్పుకూ ఉన్నంత స్నేహం.

"నాలుగే నాలుగు కార్డ్‌లే. ఒక్కోటి నాలుగు బీట్లు, అంటే నాలుగు తాళం దెబ్బలు. సి, ఎ మైనర్, ఎఫ్, జి. మళ్లీ మొదటికి. అంతే" అన్నాడు.

"అంతేనా? మరి నాకెందుకు వణుకు?"

"బస్సులో కండక్టరు లాంటిదానివి. నువ్వు గంట కొడుతూ ఉండు, బండి నడిపేది నేను."

మూడు కార్డ్‌లు నెలలో వచ్చాయి. ఎఫ్ రాలేదు. దానికి ఎడమచేతి చూపుడు వేలు ఆరు తీగల మీదా అడ్డంగా పడుకోబెట్టి నొక్కాలి. నాకా వేలి కొస కుట్టుమిషను సూది కింద పడి నుజ్జయింది, గోరు సగమే మొలిచింది. నొక్కితే కరెంటు కొట్టినట్టు నొప్పి. అందుకని ఎ మైనర్ అయిపోగానే ఊపిరి బిగబట్టి, వేలు సర్దుకుని, అప్పుడు దిగేదాన్ని. అర బీటు ఆలస్యమయ్యేది. నొప్పి ఎక్కువున్న రోజు బీటంతా పోయేది. టకటకమని లెక్క కొట్టే చిన్న యంత్రం ఒకటి ఉండేది అన్నయ్య దగ్గర, దాన్ని పెడితే నాకు కంగారెక్కి ఉన్న మూడు కూడా మర్చిపోయేదాన్ని. "పోనీలే, యంత్రం ఎందుకు? నువ్వెలా వస్తే అలా రా" అని దాన్ని సొరుగులో పడేశాడు. ఒంటరిగా స్కేళ్లు వాయించుకునేటప్పుడు మాత్రం తీసేవాడు.

పదకొండేళ్లు. రోజూ సాయంత్రం ఆరున్నరకు దుకాణం నుంచి వచ్చి, కాళ్లూ చేతులూ కడుక్కుని, వేళ్ల సందుల్లో ఉండిపోయిన గాజుపొడి బ్రష్షుతో తోముకుని కూర్చునేవాడు. నేను గుడ్డపేలికలు పక్కకు నెట్టి ఎదురుగా కూర్చునేదాన్ని. ఒక గంట. జ్వరమొచ్చినా సరే. మాస్టారు మూడో ఏడే పోయారు. ఆయన ఒక్కసారి మా ఇంటికొచ్చి ఉంటే మొదటి నిమిషంలోనే ఆ తప్పు పట్టుకునేవారు. రాలేదు, మూడంతస్తులు దిగే ఓపిక ఆయనకు లేదు.

మొదట్లో అన్నయ్య వాయింపు వింటే నాకే నవ్వొచ్చేది. పన్నెండో నంబరు, తర్వాత నలభై, తర్వాత నూటపదిహేడు, గూట్లోంచి తీసి వరసగా పేర్చినట్టు. "మళ్లీ నూటపదిహేడేనా? వాడికి విశ్రాంతి లేదా?" అనేదాన్ని. పోనుపోను మారాడు. లిక్కును మధ్యలో తుంచడం, మొదటి బీటు వదిలేసి రెండో దాని మీద ఎత్తుకోవడం, నాలుగు స్వరాలు వాయించే చోట ఒక్కటి వాయించి ఊరుకోవడం నేర్చుకున్నాడు. కొన్నాళ్లకు నంబర్లు పోల్చుకోవడం నా వల్ల కాలేదు.

అన్నిటికంటే బాగుండేది ఎ మైనర్ చివర. అక్కడ ఒక స్వరం పట్టుకుని వేలాడేవాడు. దాన్ని వణికించేవాడు, వదిలినట్టే వదిలి మళ్లీ పట్టేవాడు, ఒక్కోసారి దాని చుట్టూ రెండు చిన్న స్వరాలు తిప్పేవాడు. నేను ఎఫ్‌లోకి దిగీ దిగగానే తీగను వేలితో పైకి నెట్టి ఆ స్వరాన్ని ఎఫ్ ఇంట్లోకి చేర్చేవాడు. ఏ రోజూ ఒకలా ఉండేది కాదు. పై వాటా ఆవిడ మెట్ల మీద నిలబడి, "ఆ చోట గుండె పట్టేసినట్టుంటుందమ్మా, మీ అన్నయ్య చేతిలో ఏదో ఉంది" అనేది. నాకూ గర్వంగానే ఉండేది. అది తన ప్రతిభ అనుకున్నాను. నా వేలు అక్కడ తంటాలు పడుతుంటే తను నన్ను కాచుకుంటున్నాడన్న ఆలోచన నా మట్టిబుర్రకు తట్టలేదు.

అన్నయ్యకు యాభై అయిదు నిండాక ఒక డ్రమ్స్ వాయించే అతను సోడాబుడ్డి కళ్లద్దాలు మార్చుకోవడానికి దుకాణానికి వచ్చాడు. అద్దం కుదరక వెనక గదిదాకా వచ్చి, గోడకు ఆనించిన గిటారు చూశాడు. తీగలు మార్పించడానికి ఆ రోజు పట్టుకెళ్లాడు అన్నయ్య. మాటల్లో మాటగా తేలింది, వాళ్ల బ్యాండు పెద్ద హోటల్లో ప్రతి ఆదివారం మధ్యాహ్నం వాయిస్తుందనీ, వాళ్ల గిటారిస్టు మానేస్తున్నాడనీ. మంగళవారం వచ్చి వాయించి చూపించమన్నాడు.

అన్నయ్య ఆరేళ్లలో మొదటిసారి సగం రోజు సెలవు పెట్టాడు. చొక్కా నేనే ఇస్త్రీ చేశాను, కాలరు రెండుసార్లు చేయించాడు. నన్నూ రమ్మన్నాడు. హోటలు హాల్లో కుర్చీలన్నీ బల్లల మీద తలకిందులుగా పెట్టి ఉన్నాయి, ఒకామె నేల తుడుస్తోంది. కీబోర్డు దగ్గర బ్యాండు పెద్ద, పక్కన బేస్ గిటారు మనిషి, వెనక మన డ్రమ్స్ అతను. నేను తలుపు పక్కన నిలబడ్డాను.

"ఏ కార్డ్‌లు కావాలండీ?" అన్నాడు బ్యాండు పెద్ద.

"సి, ఎ మైనర్, ఎఫ్, జి" అన్నాడు అన్నయ్య.

మొదలుపెట్టారు. సి మీద అన్నయ్య వాయించింది విని డ్రమ్స్ అతను తల ఊపాడు. ఎ మైనర్ చివర అన్నయ్య తన స్వరం పట్టుకుని వేలాడాడు. వాళ్లు ఎఫ్‌లోకి వెళ్లిపోయారు. అన్నయ్య ఇంకా అక్కడే ఉన్నాడు. తీగ పైకి నెట్టేసరికి వాళ్లు ముందుకు పోయారు, జి దాకా వెంటపడి కలిశాడు. రెండోసారీ అదే. మూడోసారి బ్యాండు పెద్ద వాయిస్తూనే పైకి లెక్కపెట్టాడు, ఒకటీ రెండూ మూడూ నాలుగూ అని, చిన్నపిల్లలకు చెప్పినట్టు. అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. భయంతో ఈసారి ముందే దూకాడు. చెయ్యెత్తి ఆపేశాడు బ్యాండు పెద్ద.

"నలుగురితో కలిసి వాయించి చాలా కాలమైనట్టుంది?"

"ఎప్పుడూ వాయించలేదండి."

"చెయ్యి మంచిదే. కబురు చేస్తాం."

దారి పొడుగునా వాళ్లను తిట్టాను. తొందరపడింది వాళ్లేననీ, రైలుకు వెళ్లేవాళ్లలా పరిగెత్తారనీ, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు మనమీద నెట్టారనీ ఏమేమో అన్నాను. అన్నయ్య గిటారు పెట్టె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ నడిచాడు. "వాళ్లు సరిగ్గానే వాయించారమ్మా" అన్నాడొకసారి. అంతకుమించి ఆ రోజూ, ఆ తర్వాతా ఏమీ చెప్పలేదు.

పది రోజులకు డ్రమ్స్ అతను మా ఇంటికొచ్చాడు, నల్ల ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి. అన్నయ్య పనిలో ఉన్నాడు. మడమల దగ్గర నేను గుండుసూదులు గుచ్చుతుంటే పైనుంచి చెప్పాడు.

"మీ అన్నయ్యగారిది మంచి చెయ్యి అక్కా. ఒక్కచోటే తేడా. ఎఫ్ వచ్చేచోట ఆగిపోతారు. ప్రతిసారీ అక్కడే. ఇన్నేళ్లూ వెనక కార్డ్‌లు వాయించిందెవరో గానీ, మనిషిని పాడుచేసి పెట్టారు. ఎవరక్కా?"

నా నోట్లో నువ్వుగింజ నానదని పేరు. ఆ రోజు మాత్రం గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని, ఎవరో తెలీదన్నట్టు తల అడ్డంగా ఊపాను.

"ఇప్పుడు తీసుకున్నవాడు మూడు నెలల కోసమే వచ్చాడు. ఆ ఒక్కచోటు సరిచేసుకుంటే మళ్లీ రమ్మనండి. మా బ్యాండు పెద్దాయనకు నేను చెప్తాను" అని వెళ్లిపోయాడు.

తలుపు వేసుకుని ఏడ్చాను. తర్వాత సొరుగులోంచి ఆ టకటక యంత్రం తీశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే కాబోలు. రోజూ అన్నయ్య దుకాణానికి వెళ్లగానే కూర్చునేదాన్ని. ఎ మైనర్, ఎఫ్. ఎ మైనర్, ఎఫ్. వేలు బోర్లా కాకుండా పక్కకు దొర్లించి, ఎముక అంచుతో నొక్కితే సూది దిగిన చోటు తీగకు తగలదని నాలుగో రోజున తెలిసింది. మిగతా వేళ్లు ముందే గాల్లో సిద్ధంగా ఉంచుకోవాలని పదో రోజున తెలిసింది. వేలి అంచు పగిలి రక్తమొచ్చి, ఎండి, కాయ కాసింది. పదకొండేళ్లు రానిది ఏడు వారాల్లో వచ్చింది. అంటే ఎప్పుడు కూర్చున్నా వచ్చేదే. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఒక సాయంత్రం ఎప్పటిలాగే కూర్చున్నాం. సి. ఎ మైనర్. అన్నయ్య తన స్వరం పట్టుకున్నాడు. నేను సరిగ్గా వేళకు, గోడగడియారంలా, ఎఫ్‌లోకి దిగాను.

అన్నయ్య చెయ్యి తీగల మీదే ఉండిపోయింది. నేను ఆగకుండా జి దాటి మళ్లీ మొదటికొచ్చాను. మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ అక్కడే తూలాడు. మూడోసారికి గిటారు ఒళ్లో దించి నా వేలు చూశాడు.

"డ్రమ్స్ అతను చెప్పాడా?"

"చెప్పాడు. నావల్లే అన్నయ్యా. అన్నేళ్లూ నావల్లే."

"నాకు ఆ హాల్లోనే తెలిసింది. నీకు తెలియకూడదనుకున్నాను" అన్నాడు. తర్వాత, "బాగా వచ్చింది. ఎంత కష్టపడ్డావే" అన్నాడు.

ఆ తర్వాత అయిదు వారాలు సరైన తాళంలో వాయించాం. తను కష్టజీవి, దారిలో పడ్డాడు. ఎఫ్ వేళకు ఎఫ్ స్వరం మీద ఉండేవాడు. కానీ వినేదాన్ని నేను కదా. మొదటి వారంలోనే నలభయ్యో నంబరు చెవిన పడింది. రెండో వారంలో నూటపదిహేడు. ఒకదాని పక్కన ఒకటి, పొందికగా, ఒక్క తప్పు లేకుండా. నేను వస్తానో రానో తెలియని ఆ ఖాళీలో ఏళ్ల తరబడి ఏమేమి పుట్టించాడో అదంతా పోయింది. ఖాళీ పోయింది కాబట్టి అదీ పోయింది. పై వాటా ఆవిడ మెట్ల మీద నిలబడటం మానేసింది. ఈసారి నూటపదిహేడు మీద పరాచికాలాడే నోరు నాకు లేదు.

రెండోసారి హోటలుకు ఒక్కడే వెళ్లాడు. వెళ్లేటప్పుడు చొక్కా ఇస్త్రీ చేస్తానంటే ఉన్నది చాలన్నాడు. తిరిగొచ్చి, "తప్పు దొర్లలేదు" అన్నాడు. ఎలా వాయించావంటే, "సరిగ్గా" అన్నాడు. కబురు రాలేదు. నెలన్నర తర్వాత డ్రమ్స్ అతన్ని బస్టాపులో నేనే ఆపి అడిగాను. అతను కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఈసారి తప్పేం లేదక్కా. తప్పు లేదు, అంతే. పోయినసారి ఆ ఆగినచోట ఏదో ఉండేది. పెద్దాయన కూడా అదే అన్నాడు. కుర్రాడెవరో దొరికాడు, తీసేసుకున్నాం."

నేనీ మాట ఇంట్లో చెప్పలేదు. చెప్పకపోయినా తనకు తెలుసు. ఆరున్నరకు వచ్చి, చేతులు తోముకుని, కిటికీ దగ్గర కూర్చునేవాడు. గిటారు పెట్టె మూసే ఉండేది. ఒక రోజు, రెండు రోజులు చూశాను. వారమైంది. ఇక ఉండబట్టలేక నేనే పెట్టె తెరిచి తన ఒళ్లో పెట్టాను.

"రా అన్నయ్యా. పాతలాగే వాయిస్తాను. ఎఫ్ దగ్గర ఆలస్యంగానే వస్తాను. బ్యాండూ వద్దు, వాళ్లూ వద్దు. నువ్వూ నేనూ, అంతే."

అన్నయ్య తీగల మీద చెయ్యి ఆనించాడు.

"వద్దమ్మా. అప్పుడు నువ్వు ఎప్పుడొస్తావో నాకు తెలిసేది కాదు. తెలియకనే ఏదో ఒకటి వెతుక్కునేవాణ్ణి. ఇప్పుడు నువ్వు లెక్కపెట్టుకుని ఆలస్యం చేస్తావు, నేను లెక్కపెట్టుకుని ఆగుతాను. అదేం వాయించడం?"

"మరి మానేద్దామా?"

"మానేద్దాం."

నాకు ఏడుపు ఆగలేదు. అన్నయ్య గిటారు పక్కన పెట్టి, నా ఎడమచెయ్యి అందుకుని దీపం వెలుగులోకి తిప్పాడు. చూపుడు వేలి అంచున కట్టిన కాయను బొటనవేలితో నెమ్మదిగా నొక్కి చూశాడు, అద్దం అంచు చూసినట్టు.

"గట్టిపడింది" అన్నాడు. "ఇంక నొప్పి పుట్టదులే."